కండెల డబ్బాలో పెన్‌డ్రైవ్

సెప్టెంబరు 8, సోమవారం

ఇల్లు దొరికింది. పెనుకొండలో, కొండకు ఎదురుగా. పైన రెండు గదులు, కింద మగ్గం పెట్టుకునేంత హాలు. ఈయన ఫోనులో చెబుతుంటే గొంతులోని హుషారు విని నేనూ "అబ్బ, ఎంత బాగుందో" అన్నాను. ఇంకా చూడనే లేదు.

సంతోషమే. ధర్మవరం నుంచి ఎర్రమంచి ఫ్యాక్టరీకి రోజూ పోయి రావడమంటే మా ఆయన సుధాకర్ బతుకు సగం బస్సులోనే తెల్లారుతోంది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చునే కునుకు తీస్తాడు. పెనుకొండ అయితే ఫ్యాక్టరీ పక్కనే. దసరా దాటాక మారదామన్నాడు, సరేనన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. తరువాత ఎవరినో తప్పుపట్టకుండా ఉండడానికి ఈ మాట రాసి పెట్టుకుంటున్నాను.

మా అత్త చౌడమ్మ అడిగింది ఒకటే. "మగ్గం వస్తాదా?" వస్తుందన్నాం. "అట్లయితే నేనూ వస్తా" అంది. ఆమె లెక్కలో మగ్గం ముందు, కొడుకు తరువాత, నేను ఆ తరువాత. నాకేం బాధ లేదు, మూడో స్థానమైనా పతకమే.

ఇక మిగిలింది నేను పనిచేసే డిజైన్ సెంటర్. రేపు దాన్ని నడిపే రమక్కకు చెప్పాలి.

సెప్టెంబరు 9

చెప్పలేదు. కరెంటు పోయింది.

సెప్టెంబరు 11, గురువారం

కరెంటు ఉండగానే చెప్పాను. రమక్కకు ముందే తెలుసు. అత్త నీళ్ళ ట్యాంకరు దగ్గర చెప్పేసిందట. ఈ ఊళ్ళో రహస్యం దాచాలంటే మా అత్తకు దూరంగా దాచాలి.

రమక్క కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నువ్వు పోతే ఆ పెట్టెనెవరు చూస్తారు మంజులా?" అంది. ఆమె పెట్టె అంటున్నది సెంటర్లోని పాత కంప్యూటర్‌ని. నేతగాళ్ళు కావలసిన అంచు, కొంగు చెబితే నేను అందులో గీస్తాను. ఆ బొమ్మను మగ్గం మీది ఎలక్ట్రానిక్ జాకార్డుకు, అంటే పోగులు ఎత్తి బొమ్మ నేయించే యంత్రానికి, అర్థమయ్యే ఫైలుగా మార్చే ప్రోగ్రాం ఒకటి ఉంది. అది అమ్మినాయన బెంగళూరులో అంగడి మూసుకుని ఎటో పోయాడు. ప్రోగ్రాం ఒక కంటైనర్‌లో, అంటే కంప్యూటర్ లోపల దానికంటూ కట్టిన చిన్న గదిలో నడుస్తుంది. మూడేళ్ళుగా ఏ తేడా వచ్చినా నడుస్తున్న ఆ గదిలోకే దూరి, అక్కడికక్కడే సరిచేస్తూ వచ్చాను. మన మగ్గాలకు సరిపోయేలా చేసింది నేనే. ఏం చేశానో ఎక్కడా రాసుకోలేదు. నేతగాళ్ళ ఇంటి పిల్లను, పోగు తెగితే ముడి వేస్తాం గానీ పుస్తకంలో రాసుకోం.

నా చోటికి సునీల్ అని హిందూపురం మనిషి వస్తాడట. కొత్త కంప్యూటర్ కూడా హిందూపురంలోనే, రమక్క వాళ్ళ చీరల అంగడి మేడ మీద. ధర్మవరంలో ఉత్త తెర ఉంటే చాలునట.

ఉత్త తెర. మంచిదే.

సెప్టెంబరు 15, సోమవారం

సునీల్ వచ్చాడు. నాకన్నా కాస్త చిన్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నెత్తిన జుట్టు అప్పుడే సెలవు తీసుకుంటోంది. హిందూపురం ప్యాసింజర్లో వచ్చి అదే బండికి తిరిగి పోతాడు. మాట సగం తెలుగు, సగం కన్నడం. "సొల్ప తాళక్కా" అంటాడు ప్రతిదానికీ, కాస్త ఆగమని. మనిషి తెలివైనవాడే. రాగానే సరైన ప్రశ్న వేశాడు. ఇమేజ్ అంటే కంటైనర్ లేపడానికి మూస, రెసిపీ అంటే ఆ మూసను కట్టే పద్ధతి రాసిన ఫైలు.

"అక్కా, ఇమేజ్ కట్టే రెసిపీ ఫైలు యాడుండాది?"

"లేదు."

"మళ్ళ నువ్వు సరిచేసినవన్నీ యాడుండాయి?"

నా తల చూపించాను. నవ్వాడు. "అట్లయితే ఇంకొక దావ ఉండాది గదక్కా. నడిచే కంటైనర్‌నే కమిట్ చేసేస్తే ఉండేది ఉన్నట్లే ఇమేజ్ అయితాది. దాన్ని ఎత్తుకపోయి హిందూపురంలో దించుకుంటా."

నాకు తెలియదా? ఒక్క కమాండు పని. కానీ కమిట్ చేస్తే చెత్తా చెదారమంతా వెంటే వస్తుందనీ, లోపల ఎవరు ఏం చేశారో రేపు ఎవరికీ తెలియదనీ, పద్ధతి తెలిసినవాళ్ళు అలా చెయ్యరనీ ఉపన్యాసం ఇచ్చాను. ముందు శుభ్రంగా రెసిపీ రాస్తాను, దాన్నుంచి కొత్తగా కడదాం అన్నాను.

"ఎన్ని దినాలైతాదక్కా?"

తొందరలోనే అన్నాను.

సెప్టెంబరు 17

రెసిపీ మొదలుపెట్టాను. మొదటి లైను రాశాను.

సెప్టెంబరు 18

మొదటి లైను మార్చాను. ఇప్పుడు చాలా బాగుంది.

సెప్టెంబరు 20, శనివారం

పొద్దున కాఫీ తాగుతుంటే అత్త అడిగింది, "ఏందమ్మీ అది, మీరిద్దరూ కమిట్ కమిట్ అంటా కొట్లాడుకుంటాండారంట?" ఇదీ ట్యాంకరు దగ్గరి వార్తే.

ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని, "పని జరుగుతున్న మగ్గాన్ని ఉన్నదున్నట్టు ఫోటో తీసినట్టు అత్తా. పోగులు, ముడులు, సగం నేసిన చీర, అన్నీ. ఆ ఫోటో ఇంకో ఊరికి పట్టుకుపోతే అక్కడ అట్లాంటి మగ్గమే లేచి నిలబడుతుంది" అన్నాను.

అత్త కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఫోటోలో మగ్గం నేస్తాదా?"

"నేస్తుంది."

"అట్లయితే మనకు వ్యాను బాడుగ ఏల?" అంది. గాలి తీసేసింది.

మధ్యాహ్నం సునీల్ బండికి వెళ్ళిపోయాడు. సెంటర్లో నేతగాడు కుళ్ళాయప్పన్న ఒక్కడే తెర ముందు కూర్చుని తన అంచు చూసుకుంటున్నాడు. నేను ఊరికే, పనిచేస్తుందో లేదో చూద్దామని, కమిట్ అని కొట్టి, కంటైనర్ పేరు రాసి, పక్కన ఇమేజ్‌కు ఒక పేరు పెట్టాను. చేసినవాళ్ళ పేరు అడిగితే మంజులత అని నిండుగా రాశాను. ఎంటర్ కొట్టాను.

కమిట్ అయ్యేటప్పుడు కంటైనర్ క్షణం సేపు ఆగుతుంది. "ఏందమ్మా, నిలబడిపోయిందే?" అన్నాడు కుళ్ళాయప్పన్న. ఆయన మాట పూర్తి కాకముందే మళ్ళీ కదిలింది.

ఆ ఇమేజ్ నుంచి రెండో కంటైనర్ లేపాను. లోపలికి పోగానే తెర మీద ఆ మాట వచ్చింది: "అన్నం తిన్యావా?" ఎప్పుడో విసుగు పుట్టిన రోజు నేను పెట్టిన పలకరింపు అది. ఎవరు లోపలికి వచ్చినా ముందు అదే అడుగుతుంది. కవల పిల్లను చూసినట్టు అనిపించింది. నేను సరిచేసినవన్నీ ఉన్నాయి. నేనే లేను, అయినా అన్నీ ఉన్నాయి.

రెండో కంటైనర్ ఆపేశాను. ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని కంప్యూటర్లోంచి తీసేశాను. పాత డిస్కులో జాగా లేదు కదా, అందుకే. పెన్‌డ్రైవ్ ఇంట్లో పోతుందని అత్త కండెల డబ్బాలో, జరీ చుట్టిన కండెల అడుగున పెట్టాను. సోమవారం సునీల్‌కు చెబుతాను.

సెప్టెంబరు 22, సోమవారం

సునీల్ అడిగాడు, ఎంతవరకు వచ్చిందని. ఇంకా కాలేదన్నాను. అతను అడిగింది రెసిపీ గురించి. అది నిజంగానే కాలేదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

మంచి రోజు. కుళ్ళాయప్పన్న కదిరికి పోవలసిన పెళ్ళి చీర నేస్తున్నాడు. చీర ఒళ్ళంతా నేయడం అయిపోవస్తోంది, ఇక కొంగు ఫైలు కావాలి. కొంగులో మామిడి పిందెలు. ఫైలుగా మారిస్తే పిందెల తలలు అటూ ఇటూ తిరిగిపోతున్నాయి. "నా పిందెలు కొట్లాడుకున్న తోడికోడళ్ళ మాదిరి మొగం తిప్పుకున్నాయి సూడమ్మా" అన్నాడు. కంటైనర్ లోపలికి పోయి తప్పు పట్టుకుని సరిచేశాను. పిందెలన్నీ ఒకే వైపు చూశాయి. కొంగు ఫైలు ఆయుధ పూజ దాటాక చేసిస్తే చాలన్నాడు. పండుగ ముందర మగ్గం మీద కొత్త కొంగు మొదలుపెట్టడట, ఆయన పట్టింపు.

పోతూ పోతూ, "నువ్వు పెనుకొండకు పోతే మాకు ఇట్ల చేసేదెవరమ్మా?" అన్నాడు. సునీల్ వింటున్నాడు. నేను వినిపించుకోనట్టు ఉన్నాను గానీ, ఇంటికి నడుస్తూ ఆ మాటను రెండు మూడు సార్లు మనసులో తిప్పుకున్నాను. ఆ రుచి చాలాసేపు పోలేదు.

సెప్టెంబరు 30, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలి?

సెలవు పెట్టి ఈయనతో పెనుకొండ ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. బాగుంది. అబద్ధం కాదు, నిజంగా బాగుంది. పై గది కిటికీలోంచి కొండ, కోట గోడ కనిపిస్తాయి. కిందంతా గాలి. మగ్గం ఏ మూల పెట్టాలో ఈయన అడుగులు వేసి చూపిస్తున్నాడు. అప్పుడు సునీల్ ఫోను.

"అక్కా... కంటైనర్ పోయె."

ఆయుధ పూజకు లోపలా బయటా దులపమని రమక్క చెప్పిందట. సునీల్ కంప్యూటర్ ఆపి, మూత విప్పి, దుమ్మంతా ఊది, తుడిచి, మళ్ళీ ఆన్ చేశాడు. బయట దులిపాం కదా, లోపలా దులుపుదామనుకున్నాడు. డిస్కు నిండిపోయి ఉంది. ఆగిపోయి పడి ఉన్న కంటైనర్లన్నీ ఒకేసారి తీసేసే కమాండు కొట్టాడు. నా కంటైనర్ కూడా అప్పుడు ఆగే ఉంది. కంప్యూటర్ ఆపితే ఆగుతుంది, మళ్ళీ మనమే లేపాలి. అది అతనికి నేను చెప్పలేదు. పండుగ శుభ్రంలో పప్పులో కాలేశాడు.

"డిజైన్లు?" అన్నాను.

"అవి ఉండాయక్కా. ఫోల్డరు కంటైనర్ బయట ఉండాది గదా. ప్రోగ్రామే పోయింది. నువ్వు చేసినవన్నీ పోయినాయి."

నాకు కలిగింది సంతోషం. రాయకుండా ఉంటే బాగుండేది, కానీ ఈ పుస్తకం నాది. ఇక నేను ఉండాల్సిందే అనుకున్నాను. వెనకే రమక్క ఫోను చేసింది. "నువ్వు లేకుంటే కాదు మంజులా. సంక్రాంతి దాకన్నా ఉండాల. అన్నీ మళ్ళీ కట్టాల్నంటే నీకే తెల్సు" అంది. "చూద్దాం అక్కా" అన్నాను. నా గొంతు ఎంత జాలిగా పలికిందో నాకే వినిపించింది.

ఈయన అంతా విన్నాడు. కొలుస్తున్నవాడు ఆగిపోయాడు. "పోనీలే మంజూ. ఇంటి ఓనరుకు నిదానంగా చెబుదాం. ఇన్ని దినాలు తిరగలేదా, ఇంకొన్ని దినాలు తిరుగుతా" అన్నాడు. కిటికీ దగ్గరికి పోయి కొండ చూస్తూ నిలబడ్డాడు. తిరుగు బస్సులో నా భుజం మీద నిద్రపోయాడు.

పెన్‌డ్రైవ్ గురించి ఎవరూ అడగలేదు. ఉందని తెలిస్తే కదా.

అక్టోబరు 1, బుధవారం, ఆయుధ పూజ

పొద్దున అత్త మగ్గం కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. నిన్ననే చీర కోసింది. కోసింది అంటే నేసిన బట్టను మాత్రమే. పాత పడుగు చివర మూరెడు నిలువు పోగులను అవి దూరే అచ్చు సందుల్లోనే విడిచిపెట్టి, పోగులు జారిపోకుండా కుచ్చులుగా ముడి వేసి, అచ్చుతో సహా తెల్ల గుడ్డలో చుట్టి దేవుడి ముందు పెట్టింది. పెనుకొండకు ఆమె ఒళ్ళో వచ్చేది అదే.

"ఆ తోకెందుకు అత్తా, అక్కడికి పోయి కొత్త పడుగు ఎక్కించుకోవచ్చు కదా" అన్నాను, తెలిసినా.

"ఎట్ల ఎక్కిస్తావు? ఒక్కొక్క పోగూ అచ్చు సందులో దూర్చుకుంటా కూర్చోవాల. ఇది ఉంటే కొత్తదాన్ని దీనికే అతుక్కుంటా పోవచ్చు. ఉండేదాన్ని తెంపుకుని లేదని ఏడ్చేదెవరు?"

నేను పూలు సర్దుతున్నట్టు తల దించుకున్నాను. అప్పుడు చూశాను. పూజలో కత్తెర, దువ్వెన, కండెల డబ్బా, వాటి పక్కనే నా పెన్‌డ్రైవ్. దానికి పసుపు, కుంకుమ బొట్టు, మీద ఒక చామంతి రేకు.

"నా కండెల్లో దొరికె. నీదే గదా? నీ పనిముట్టు గదా అని దానికీ బొట్టు పెట్టినా" అంది అత్త. ఇంకేం అడగలేదు. ఈయన హారతి కళ్ళకద్దుకుంటూ అది ఏమిటో కూడా చూడలేదు.

సాయంత్రం బొరుగులు, బెల్లం పట్టుకుని సెంటర్‌కు వెళ్ళాను. పెన్‌డ్రైవ్ కొంగున ముడి వేసుకున్నాను. పూజ చేసిన కంప్యూటర్‌ను రేపు కొబ్బరికాయ కొట్టేదాకా ఆన్ చేయకూడదు. దాని ముందు సునీల్ కూర్చుని ఉన్నాడు. పండుగకు ఇంటికి పోలేదు. తను వచ్చినప్పటినుంచీ నేను చెప్పిన మాటలన్నీ గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాసుకుంటున్నాడు. మెట్ల మీద కుళ్ళాయప్పన్న. కొంగు లేని చీర మగ్గం మీద పెట్టుకుని, తనే సునీల్‌కు టీ తెచ్చి ఇస్తున్నాడు. ఒక్క మాట అనలేదట.

"నువ్వు పెనుకొండకు పోక్కా" అన్నాడు సునీల్, తల ఎత్తకుండా. "రమక్కకు నేను చెప్తా. ఆలస్యమైనా నేనే నేర్చుకుని కడతా. నేను చేసిన తప్పుకు మీ సంసారం ఈడ నిలబడిపోవాల్నా?"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చింది.

కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టాను. "పోయిన శనివారం కాదు, దాని ముందు శనివారమే కమిట్ చేశాను. ఇదిగో."

పసుపు అంటిన పెన్‌డ్రైవ్‌ను అతను చేతిలోకి తీసుకున్నాడు. "మళ్ళ ఏల చెప్పలేదక్కా?"

"ఇది ఉంటే నేను అక్కర్లేదు కదా. అందుకు."

ఇంత చిన్న వాక్యం. ఇన్నాళ్ళూ రెసిపీ మొదటి లైను మారుస్తూ కూర్చున్నాను గానీ ఇది రాయలేకపోయాను.

సునీల్ కోప్పడతాడనుకున్నాను. మెట్ల మీదికి తల తిప్పి, "కుళ్ళాయప్పన్నా, నీ కొంగు బతికింది!" అని అరిచాడు. తరువాత గుప్పెడు బొరుగులు నోట్లో పోసుకుని గట్టిగా నమిలాడు. నిన్నటి నుంచీ ఏమీ తినలేదట.

ఇంటికొచ్చి ఈయనకు చెప్పాను, అంతా. "సరే" అన్నాడు. తరువాత, "పెనుకొండ ఇంట్లో ఆ కొండ కిటికీ పక్కన నీకొక బల్ల పెట్టిస్తా" అన్నాడు.

అక్టోబరు 3, శుక్రవారం

ప్యాసింజర్లో సునీల్‌తో హిందూపురం. రైలు పెనుకొండలో ఆగినప్పుడు కిటికీలోంచి మా కొండ కనిపించింది. మా కొండ అని రాశానా? రాశాను.

అంగడి మేడ మీద కొత్త కంప్యూటర్. పెన్‌డ్రైవ్‌లోని ఇమేజ్ ఎక్కించాం, దాన్నుంచి కంటైనర్ లేపాం. "అన్నం తిన్యావా?" అంది. సునీల్ చప్పట్లు కొట్టాడు. డిజైన్ల ఫోల్డరు వేరేగా తెచ్చి తగిలించి, కుళ్ళాయప్పన్న కొంగును ఫైలు చేయబోతే పిందెలు మళ్ళీ మొహాలు తిప్పుకున్నాయి. కమిట్ చేసింది ముందు, పిందెలు సరిచేసింది తరువాత. ఫోటో తీశాక పెట్టుకున్న బొట్టు ఫోటోలో ఎలా వస్తుంది?

నా చేతులు కీబోర్డు మీదికి పోయాయి. వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. "నువ్వు చెయ్" అన్నాను.

ఒళ్ళో చేతులు పెట్టుకుని ఇంకొకరి తడబాటు చూడడం ఎంత కష్టమో! తప్పు చోట వెతికాడు, మళ్ళీ వెతికాడు, నేను నాలుక కరుచుకుని కూర్చున్నాను. చివరికి పట్టుకున్నాడు. పిందెలన్నీ ఒకే వైపు చూశాయి. వెంటనే తనే కమిట్ కొట్టి, చేసినవాళ్ళ పేరు దగ్గర సునీల్ అని రాశాడు. ఇమేజ్ చరిత్ర తెరిచి చూశాం. కింద మంజులత, దాని మీద సునీల్. పాత పడుగుకు కొత్త పడుగు అతికినట్టే ఉంది.

కొంగు ఫైలు ధర్మవరం పంపాం. కుళ్ళాయప్పన్న ఫోనులో అన్నది ఒకటే మాట: "పిందెలు రాజీ అయినాయిమ్మా."

అక్టోబరు 14, మంగళవారం

మారాం. వ్యానులో మగ్గం, సామాను, మంచాలు. ముందు సీట్లో అత్త, ఒళ్ళో తెల్ల గుడ్డ మూట. దారి పొడుగునా డ్రైవరుకు నిదానంగా పో నాయనా అని చెబుతూనే ఉంది.

అక్టోబరు 19, ఆదివారం

అత్త కొత్త పడుగు అతకడం మొదలుపెట్టింది. పాత పోగు, కొత్త పోగు, వేళ్ళ మధ్య చిన్న మెలి. పక్కన కూర్చుని పోగులు అందించాను. ఈయన మధ్యాహ్నం కంచం ముందు మెలకువగా కూర్చున్నాడు. కబుర్లు కూడా చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో ఇంత వాగుడుకాయ అని మరిచిపోయాను.

అక్టోబరు 27, సోమవారం

సునీల్ ఫోను చేయడం తగ్గించాడు. మొదట రోజూ, తరువాత ఎప్పుడో ఒకసారి, పోయిన వారం అసలే లేదు. మంచిదే. నిజంగా మంచిదే, ఈసారి నన్ను నేను మభ్యపెట్టుకోవడం లేదు. కాస్త వెలితిగా ఉంది, అంతే.

కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ఊరికే, ఇక్కడి నుంచే హిందూపురం కంటైనర్‌లోకి వెళ్ళి చూశాను. మధ్యాహ్నం దాటిపోయింది. కింద అత్త రెండుసార్లు పిలిచింది, వస్తున్నా అంటూనే ఉన్నాను.

"అన్నం తిన్యావా?" అని అడిగింది నా కంటైనర్. దాని కింద నేను రాయని లైను ఒకటి ఉంది.

"లేదంటే పో అక్కా, తినేసి రా. పని యాడికీ పోదు. నువ్వూ యాడికీ పోలేదు."

సునీల్ ఎప్పుడు పెట్టాడో. కళ్ళు తుడుచుకుని, కంప్యూటర్ మూసి, కిందికి దిగాను. అత్త అప్పటికే నా కంచంలో సంగటి పెట్టి ఉంచింది.